మార్పిడి కాదు, ఊడ్పు

లుకేమియా వచ్చిన మా తమ్ముడికి మూలుగ మార్పిడి జరిగిన 92వ రోజున రెండు కాగితాలు ఒకేసారి మా చేతికి వచ్చాయి. అతని రక్తకణాల్లో నూటికి నూరు పాళ్ళూ దాతవే, అంటే నావే, అని మొదటి దానిలో ఉంది. రెండోదానిలో ప్లేట్‌లెట్లు 19 వేలు అని ఉంది. కనీసం లక్షన్నర ఉండవలసిన చోట 19 వేలు. ఆ సాయంత్రం మా మేనత్త ఫోనులో అమ్మతో అన్న మాట పక్కనే కూర్చున్న నాకు స్పష్టంగా వినిపించింది. "మార్చిన మూలుగలోనే బలం లేదేమో వదినా, అమ్మాయికి మొదటి నుంచీ రక్తం తక్కువే కదా."

ఆమెది చెడు మనసు కాదు. తమ్ముడి కోసం మొక్కని దేవుడు లేడు. నాకు కాలేజీ రోజుల్లో ఉన్నది ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనత అనీ, దానికీ రక్తం పుట్టించే మూలకణాల బలానికీ సంబంధం లేదనీ జంతుశాస్త్రం పాఠం చెప్పే నేను ఆమెకు వివరించగలను. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె తర్కంలో తప్పు వెతికితే దొరకలేదు మరి. మోటారు కాలిపోతే తీసి ఇంకో మోటారు బిగిస్తాం. కొత్తది సరిగా తిరగకపోతే తప్పు కొత్తదానిదే. "మార్పిడి" అనే మాటను నమ్మిన ఎవరైనా అక్కడికే చేరుకుంటారు. ఈ చికిత్సకు మనం తెలుగులో పెట్టుకున్న పేరు అసలు సంగతిని తలకిందులు చేస్తోందనీ, దాని బరువు రోగి మీదా దాత మీదా పడుతోందనీ నేను ఆ రాత్రి నుంచి అనుకుంటున్నాను.

సంచిలో వెళ్ళింది ఏమిటి

మూలకణాలు మూలుగ వదిలి రక్తంలోకి రావడానికి అయిదు రోజులు నాకు జీ-సీఎస్ఎఫ్ అనే మందు ఇంజెక్షన్లు ఇచ్చారు. నాలుగో రోజు రాత్రి తుంటి ఎముకలూ రొమ్ము ఎముకా లోపలి నుంచి ఎవరో నెడుతున్నట్టుగా నొప్పి పెట్టాయి. అయిదో రోజు పొద్దున యంత్రం పక్కన పడుకోబెట్టి, ఒక చేతిలోంచి రక్తం తీసి, తిప్పి, కావలసిన కణాలను వేరుచేసి, మిగిలినది రెండో చేతిలోకి పంపారు. నాలుగున్నర గంటలు పట్టింది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేటు ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి పెదవులు జివ్వుమన్నాయి, నర్సు కాల్షియం మాత్రలు నమలమని ఇచ్చింది. చివరికి టమాటా రసం రంగులో ఒక చిన్న సంచి నిండింది. నా ఎముకను ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడు ఆ సంచిని మామూలు రక్తపు సంచిలాగే స్టాండుకు తగిలించి తమ్ముడి ఛాతీలోని గొట్టం ద్వారా ఎక్కించారు. గంట కూడా పట్టలేదు. "ఇంతేనా అక్కా?" అన్నాడు తమ్ముడు.

అంతే. ఎందుకంటే అందులో మూలుగ లేదు.

మూలుగ అంటే ఏమిటో చూడాలంటే ఆదివారం మాంసం కొట్టు దగ్గర నిలబడినా చాలు. మేక తొడ ఎముకను కొట్టినప్పుడు నడుమ గొట్టంలో పసుపు తెలుపు కలిసిన కొవ్వు కనిపిస్తుంది. కీలు దగ్గరి చివర కొడితే స్పాంజిలా అల్లుకున్న ఎముక గదుల మధ్య ఎర్రటి మెత్తటి పదార్థం ఉంటుంది. రక్తం తయారయ్యేది ఆ ఎరుపులో. మనకు పుట్టినప్పుడు ఎముకలన్నిటిలోనూ ఎరుపే. పెద్దయ్యేసరికి అది వెన్ను, తుంటి, పక్కటెముకలు, రొమ్ము ఎముక లాంటి చోట్లకు కుదించుకుపోతుంది. ఆ ఎరుపులో ఎముక పలకలున్నాయి, గోడ పలుచగా ఉండే వెడల్పాటి రక్తనాళాలున్నాయి, వాటిని పొడవాటి చేతులతో చుట్టుకున్న ఆసరా కణాలున్నాయి, సన్నటి నాడులున్నాయి, కొవ్వు ఉంది. వీటి మధ్య ఎక్కడో మూలకణం ఒదిగి ఉంటుంది. నా సంచిలో వెళ్ళింది ఆ ఒదిగి ఉండే కణాలూ వాటి సంతానమూ మాత్రమే. తుంటి ఎముకలోంచి సూదితో మూలుగ తీసి ఇచ్చే పద్ధతిలో కూడా చివరికి నిలిచేవి రక్తం పుట్టించే కణాలే. అలాంటి రోగుల మూలుగలోని ఆసరా కణాలను తరువాత పెంచి చూసిన పరిశోధకులకు అవి దాతవి కాక రోగివిగానే కనిపించాయి.

అంటే తమ్ముడి ఎముకల్లో మూలుగను ఎవరూ మార్చలేదు. అందులోని పాత కణాలను మందులతో తుడిచేసి, ఖాళీ అయిన చోట నావి చేరడానికి దారి చేశారు. దీనికి పేరు మా గోదావరి వైపు పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. ఆకుమడిలో పెరిగిన ఆకు తీసి, దమ్ము చేసిన చేలో ఊడుస్తాం. తెలంగాణలో నాట్లు అంటారు, మా దగ్గర ఊడ్పులు. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ వరుసగా మూడు రోజులు 500 దాటిన 16వ రోజున డ్యూటీ డాక్టరు వచ్చి "ఎన్‌గ్రాఫ్ట్ అయింది" అన్నాడు. అర్థమేమిటని నాన్న నన్ను అడిగితే, కొత్త కణాలు లోపల కుదురుకుని సొంతంగా పనిచేయడం మొదలుపెట్టాయని చెప్పాను. నాన్న తల ఊపి, "మూన తిరిగిందన్నమాట" అన్నాడు. ఊడ్చిన మొక్క వేరు పట్టుకుని, వాలిన ఆకు నిలబడి పచ్చబడడాన్ని మూన తిరగడం అంటారు. ఆ వార్డులో మూడు నెలల్లో నేను విన్న మాటలన్నిటిలో ఇంత సరిగ్గా అతికిన మాట ఇంకోటి లేదు.

నాకు ఇచ్చిన ఇంజెక్షన్లు చేసిన పని ఆకు తీత. మూలుగలోని ఆసరా కణాలు సీఎక్స్‌సీఎల్ 12 అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. మూలకణం మీద దాన్ని పట్టుకునే గ్రాహకం ఉంటుంది. ఈ రెంటి మధ్య పట్టు ఉన్నంతకాలం కణం లోపలే ఉంటుంది. జీ-సీఎస్ఎఫ్ ఆ ప్రొటీన్‌ను తగ్గించి పట్టు సడలిస్తుంది. ప్లెరిక్సాఫర్ అనే మందు గ్రాహకాన్నే అడ్డుకుంటుంది. హెచ్‌ఐవీ కోసం తయారుచేసిన ఆ మందు వాడినవాళ్ళ రక్తంలో తెల్లకణాలు పెరగడం చూసి దారి మళ్ళించారు, 2008లో అమెరికాలో మూలకణాల సేకరణకు అనుమతి వచ్చింది. అదే ఏడాది ఎలుకల మీద జరిగిన పరిశోధన, మూలకణాలు రక్తంలోకి రావడం పగలూ రాత్రీ వేళను బట్టి మారుతుందనీ, ఆ వేళను మూలుగలోకి దిగే నాడులు నడుపుతాయనీ చూపించింది. అనుకున్నప్పుడు బయలుదేరే స్వేచ్ఛ కణానికి లేదు. దాన్ని పట్టి ఉంచేదీ వదిలేదీ దాని చోటే.

చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు జాతుల ఎలుకలు

ఈ వాదన నా భావోద్వేగం లోంచి పుట్టింది కాదనడానికి నా దగ్గర ఉన్న బలమైన సాక్ష్యం ఎలుకలది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాలలో ఎలిజబెత్ రస్సెల్ వంటివారు ఏళ్ళ తరబడి చూసిన రెండు జాతులున్నాయి. ఒకదాన్ని డబ్ల్యూ అనీ ఇంకోదాన్ని స్టీల్ అనీ పిలిచారు. రెంటికీ రక్తహీనత, రెంటికీ వెలిసిన బొచ్చు. పైకి చూసి ఇదీ అదీ అని విడదీయడం కష్టం. కానీ ఆరోగ్యంగా ఉన్న ఎలుక మూలుగ కణాలను ఎక్కిస్తే డబ్ల్యూ ఎలుక కోలుకుంటుంది, స్టీల్ ఎలుక కోలుకోదు. అంతకన్నా వింత ఏమిటంటే, జబ్బుతో ఉన్న స్టీల్ ఎలుక మూలుగ కణాలనే డబ్ల్యూ ఎలుకకు ఎక్కిస్తే అది కోలుకుంటుంది! స్టీల్ ఎలుక కణాల్లో ఏ లోపమూ లేదు. అవి పుట్టి పెరిగిన చోటులోనే లోపం. డబ్ల్యూ ఎలుకలో చెడింది మూలకణం మీది గ్రాహకమనీ, స్టీల్ ఎలుకలో చెడింది ఆ గ్రాహకం పట్టుకునేలా చుట్టూ ఉన్న చోటు అందించే ప్రొటీన్ అనీ 1990 నాటికి తేలింది.

మా మేనత్తకు ఈ స్టీల్ ఎలుకను చూపించాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను.

టొరంటోలో టిల్, మెకల్లక్ 1961లో, రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు మూలుగ కణాలు ఎక్కించి, పది రోజుల తరువాత ప్లీహం మీద కణాల గడ్డలు మొలవడం చూశారు. ఒక్కో గడ్డా ఒక్క కణం సంతానమేనని తరువాత నిరూపించారు. రక్త మూలకణం అనే ఊహకు ఒళ్ళు వచ్చింది అక్కడే. కానీ ప్లీహంలో గడ్డ కట్టిన కణాలు మూలుగలోని కణాలంత దీర్ఘకాలం పనిచేయవు. ఎందుకని? మాంచెస్టర్‌లో రే స్కోఫీల్డ్ 1978లో దీనికి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ కొత్తగానే అనిపిస్తుంది. మూలకణం మూలకణంగా ఉండడం దాని సొంత లక్షణం మాత్రమే కాదు, ఒక గూటిలో ఉండడం వల్ల దానికి దక్కే స్థితి అన్నాడు. గూడు దాటిన కణం విభజన చెంది, పరిణతి చెంది, ఎర్రకణమో తెల్లకణమో అయిపోతుంది. ఆయన వాడిన "నిష్" (niche) అనే ఇంగ్లీషు మాటకు పాత ఇళ్ళలో గోడలో దీపం పెట్టే చిన్న అర అని కూడా అర్థం ఉంది. తెలుగులో దాన్నీ గూడు అనే అంటాం. అనువదించనక్కరలేకుండా సిద్ధంగా దొరికిన మాట ఇది. మన పాఠ్యపుస్తకాలు "సూక్ష్మ పర్యావరణం" అని రాసి పిల్లలకు ఎందుకు దూరం చేస్తాయో నాకు అర్థం కాదు.

నన్ను వెనక్కి లాగిన సంగతులు

ఇదంతా మా హెమటాలజీ డాక్టరుతో చెప్పినప్పుడు ఆయన ఓపికగా విని ఒక ప్రశ్న వేశారు. "మీ తమ్ముడికి వచ్చిన లుకేమియా ఎక్కడ పుట్టింది? కణంలోనా, గూటిలోనా?" కణంలోనే. కొడవలి కణ వ్యాధి, తలసీమియా కూడా కణంలోని జన్యువు జబ్బులే. వాటిలో ఆకు మారిస్తే పంట మారుతుంది, అందుకే ఈ చికిత్స పనిచేస్తోంది. 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ అనే చికిత్సలోనూ, వెల్లూరు సీఎంసీ వైద్యులు అయిదుగురు హీమోఫీలియా రోగులకు చేసి 2024లో ప్రకటించిన జన్యు చికిత్సలోనూ సరిచేసింది కణాన్నే. ముసలి ఎలుక మూలకణాన్ని పడుచు ఎలుకలో పెడితే అది పడుచుది కాదు, ముసలి అలవాట్లు చాలావరకు అలాగే మోసుకొస్తుంది. చోటే సర్వం అనుకుంటే ఇది జరగకూడదు.

ఎక్కడో గూడు ఉందంటున్నారు సరే, అది ఏదో ఖచ్చితంగా చూపించమంటే శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం తడబడ్డారు. 2003లో రెండు బృందాలు ఎముకను కట్టే కణాలే గూడు అన్నాయి. 2005లో మూలకణాలు ఎక్కువగా రక్తనాళాల పక్కన కనిపించాయి. 2012లో, స్టీల్ ఎలుకలో చెడిన ఆ ప్రొటీన్‌నే మామూలు ఎలుకల్లో ఒక్కో రకం కణం లోంచి విడివిడిగా తీసేసి చూశారు. ఎముక కట్టే కణాల్లోంచి తీసేస్తే మూలకణాలకు ఏమీ కాలేదు. నాళపు గోడ కణాల్లోంచీ, వాటిని చుట్టుకున్న కణాల్లోంచీ తీసేస్తే అవి తగ్గిపోయాయి. కొవ్వు సంగతి ఇంకా చిక్కు. మూలుగలోని కొవ్వు మూలకణాలను అణచివేస్తుందని 2009లో ఒక పరిశోధన తేల్చింది, రేడియేషన్ తరువాత కోలుకోవడానికి అదే కొవ్వు సాయపడుతుందని 2017లో ఇంకోటి. 2018లో తేలిన సంగతి మరీ దూరం తీసుకుపోయింది. మూలకణాల నిలకడకు అవసరమైన థ్రాంబోపోయిటిన్ అనే హార్మోన్ మూలుగలోంచి కాదు, కాలేయం నుంచి వస్తోంది. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీటితో మా చేను తడిసినట్టన్నమాట. మడి అంటే గట్ల మధ్య ఉన్నదే అనుకుంటే లెక్క కుదరదు.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మాత్రం 1980 నాటి ఒక కేసు. ఎముకలు రాయిలా గట్టిపడిపోయే జబ్బుతో పుట్టిన పసిపాపకు ఆమె అన్న మూలుగ కణాలు ఎక్కించారు. తరువాత ఎముకను పరీక్షిస్తే, ఎముకను కట్టే కణాలు పాపవి, ఎముకను కరిగించి సరిచేసే కణాలు మాత్రం అన్నవి. ఎముకను కరిగించే కణాలూ రక్త మూలకణాల సంతానమే కాబట్టి ఇలా జరిగింది. అంటే ఊడ్చిన ఆకు చేను గట్లను కూడా తిరిగి చెక్కుతుంది. ప్లేట్‌లెట్లను తయారుచేసే పెద్ద కణాలు కూడా పక్కనున్న మూలకణాలను నిద్రపుచ్చే పని చేస్తాయని తరువాత తెలిసింది. తమ్ముడి మడి పూర్తిగా తమ్ముడిది, ఆకు పూర్తిగా నాది అని నేను గీసుకున్న గీత అక్కడ చెరిగిపోయింది. వరి మొక్కను కూలీలు వంగి ఒక్కొక్కటిగా గుచ్చాలి, నా కణాలు మాత్రం చేతి నరంలో వదిలినా తమ దారి తామే వెతుక్కుని ఎముక చేరతాయి. ఊడ్పు అనే మాటకు ఇన్ని లోపాలున్నాయి. ఉన్నా, మార్పిడి కన్నా అది నిజానికి దగ్గరగా ఉందనే ఇప్పటికీ అంటాను. మార్పిడి అన్నప్పుడు చేను అసలు కనిపించదు. ఊడ్పు అన్నప్పుడు ఆకు ఎలా ఉందని ఎంత అడుగుతామో చేను ఎలా ఉందనీ అంతే అడుగుతాం.

ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుంది

ప్లేట్‌లెట్లు పెరగకపోవడంతో తమ్ముడి మూలుగను మళ్ళీ పరీక్షించారు. రక్తం తయారుచేసే కణాలు నూటికి 15 నుంచి 20 పాళ్ళు, మిగిలినది కొవ్వు అని రిపోర్టు. ఆ పాళ్ళు ఎంత ఉండాలో వేలి లెక్కగా చూసేందుకు వంద లోంచి వయసు తీసేస్తారు. 31 ఏళ్ళవాడికి 70 దగ్గర ఉండాలి. ఉన్న కొద్ది కణాలూ నావే, లుకేమియా జాడ లేదు. ఆకు బతికే ఉంది, పిలకలు వేయడం లేదు.

దాత కణాలు పూర్తిగా పట్టినా రక్తం సరిగా తయారు కాని ఈ స్థితి అరుదైనదేమీ కాదు. ఇలాంటి రోగుల మూలుగలో రక్తనాళపు గోడ కణాలు తక్కువగా ఉన్నాయని బీజింగ్ వైద్యులు 2013లో చూపించారు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. పాత కణాలను తుడవడానికి ఇచ్చే మందులూ రేడియేషనూ కణాన్ని చంపి గూటిని వదిలేసేంత గురి ఉన్నవి కావు. ఆ పలుచటి నాళాలు చిట్లుతాయి, వాటి చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. నా కణాలు వెళ్ళింది అలాంటి చోటికి. అయితే తమ్ముడికి 40వ రోజున సైటోమెగలో వైరస్ లేచింది, దానికి వాడిన మందు కూడా మూలుగను అణచేదే. కాబట్టి మా ఇంట్లో జరిగినదానికి గూడే కారణమని నేను ప్రమాణం చేయలేను. నా కోరిక అంత పెద్దది కాదు. అన్ని కారణాల్లో ఒక్క దాత బలహీనతే ఇంటిల్లిపాదికీ ఎందుకు తట్టిందో చూడమంటున్నాను. దాతగా నేను ఒప్పుకుని సంతకం చేసిన రోజున మాకు నలభై నిమిషాలు వివరించారు. ఇన్ఫెక్షన్ల గురించి, ఖర్చు గురించి, నా కణాలు తమ్ముడి ఒంటి మీద తిరగబడే ప్రమాదం గురించి చెప్పారు. అతని ఎముకల్లో ఒక చోటు ఉందనీ, అది కూడా దెబ్బతిని కోలుకోవాలనీ ఒక్క వాక్యం చెప్పి ఉంటే, 92వ రోజు ఫోను వేరేలా నడిచేది.

బొడ్డుతాడు రక్తం దాచుకోమని గర్భిణులకు వచ్చే ప్రకటనల్లో కూడా ఇదే లోపం కనిపిస్తుంది. నా దగ్గర చదువుకున్న అమ్మాయి కిందటేడు ఆ కరపత్రం పట్టుకుని వచ్చింది. "మీ బిడ్డ భవిష్యత్తుకు బీమా" అన్న అర్థంలో రాశారు. మూలకణాన్ని లాకరులో పెట్టిన బంగారంలా చూపించారు. బొడ్డుతాడు రక్తంతో ఎందరో బతికారు, ప్రజలందరికీ అందే బ్యాంకులు అవసరం. కానీ లుకేమియా వచ్చిన బిడ్డకు తన సొంత రక్తమే తిరిగి ఎక్కించడం సాధారణంగా కుదరదు, జన్యువులో పుట్టిన జబ్బు ఆ సంచిలో కూడా ఉంటుంది. ఇలా సొంతానికి డబ్బు కట్టి దాచుకోవడాన్ని ఐసీఎంఆర్ కూడా సమర్థించడం లేదు. బంగారం ఎక్కడ పెట్టినా బంగారమే. మూలకణాన్ని గూటి నుంచి తీసి గాజుపళ్ళెంలో పోషిస్తే రోజుల్లోనే మూలకణంగా ఉండడం మానేస్తుంది. దాన్ని మూలకణంగానే ఉంచి బయట విస్తారంగా పెంచడం ఇన్ని దశాబ్దాల తరువాత కూడా కష్టసాధ్యమే.

"పేరులో ఏముందమ్మా, రోగి భయపడకుండా ఉంటే చాలు" అని ఆ డాక్టరే మరో రోజు అన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్న మనుషులకు కొత్త సిద్ధాంతాలు అక్కరలేదు. కానీ మార్పిడి అనే మాట వల్ల మాకు భయం తగ్గలేదు. సంచి ఎక్కించిన గంటలోనే అంతా అయిపోయిందన్న అబద్ధపు నిశ్చింత కలిగింది, అది విరిగినప్పుడు దోషి కోసం వెతుకులాట మొదలైంది. రైతు కుటుంబానికి ఊడ్పు అని చెప్పి ఉంటే మూన తిరగడానికి పట్టే రోజులు, పిలకలకు పట్టే రోజులు, చేను తేరుకోవడానికి పట్టే రోజులు వేరువేరని ఎవరూ వివరించనక్కరలేదు.

ఎల్‌ట్రోంబోపాగ్ అనే మాత్ర మొదలుపెట్టారు. థ్రాంబోపోయిటిన్ పట్టుకునే గ్రాహకాన్నే అది కూడా తట్టి లేపుతుంది. అయిదో నెలలో ప్లేట్‌లెట్లు 34 వేలు, ఏడో నెలలో 61 వేలు. మాత్ర వల్లో, వైరస్ మందు ఆగడం వల్లో, నాళాలు మళ్ళీ అల్లుకోవడం వల్లో ఎవరూ విడదీసి చెప్పలేదు. పదకొండో నెలలో లక్షా 12 వేలు అని వచ్చిన కాగితాన్ని తమ్ముడు ఇంటికి తెచ్చి గుమ్మంలోనే మా మేనత్త చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, నా తల నిమిరి, "ఇన్నాళ్ళకు నీ కణాలు బలం పుంజుకున్నాయే అమ్మాయ్" అంది.

"అక్కవి మొదటి నుంచీ బాగానే ఉన్నాయత్తా. నా ఎముకలే ఇప్పటికి తేరుకున్నాయి" అన్నాడు తమ్ముడు, చెప్పులు విడుస్తూ.